ఎవరి కోసం బయానా

జనవరి 9

అన్నయ్యకి,

క్షేమంగా చేరాను. బస్సులో నా పక్కన కూర్చున్నాయన దారంతా నా భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు కాబట్టి నాకు నిద్ర లేదు. నువ్వు కట్టిన అట్టపెట్టె మాత్రం ఇంతవరకూ విప్పలేకపోయాను. కింద దర్జీ కత్తెర తెచ్చినా ఆ తాడు లొంగలేదు. లారీ లోడుకి వేసే ముడి బట్టల పెట్టెకి వేస్తే ఎలా అన్నయ్యా?

ఫోన్లో చెబుదామంటే నీకు "ఆ? ఆ?" తప్ప రెండో మాట ఉండదు. లారీ హారన్లు నీ చెవులు తినేశాయి. వదినకి చేస్తే "బాగున్నాం" అని పెట్టేస్తుంది. అందుకే ఉత్తరం. మీసాల డ్రైవరు మొక్కజొన్న బస్తాలతో ఇక్కడి మార్కెట్టుకి వస్తూ పోతూ ఉంటాడుగా, అతని చేతికే ఇస్తున్నాను. నువ్వూ అతనితోనే పంపు.

నా కొత్త పని ఏమిటని బస్టాండులో అడిగావు. హారన్ల మధ్య చెప్పలేకపోయాను. ఇన్నాళ్ళూ షేర్ల కంపెనీలో లెక్కలు సరిచూసేదాన్నా, ఇప్పుడు రోజూ సాయంత్రం ఒక పేజీ రాయాలి. జనం భయపడుతున్నారా, ఆశపడుతున్నారా అని అందులో చెప్పాలి. ఎలా తెలుస్తుందంటావేమో. స్థలం కొనేముందు బయానా ఇస్తాం కదా, అలాంటివే ఇక్కడా ఉంటాయి. ఫలానా షేరుని నెలాఖరులోగా ఫలానా ధరకి కొనే హక్కు నాకు ఉండాలి అని బయానా కడితే దాన్ని కాల్ అంటారు. ఫలానా ధరకి అమ్మే హక్కు ఉండాలి అని కడితే అది పుట్. ధర ఎంత పడినా పుట్ ఉన్నవాడు ముందు అనుకున్న ధరకే అమ్ముకోవచ్చు. పడకపోతే బయానా పోతుంది, అంతే. కాల్స్ ఎక్కువ కొంటుంటే జనం ఆశ మీద ఉన్నట్టు, పుట్లు ఎక్కువ కొంటుంటే భయం మీద ఉన్నట్టు. ఇది మొదటి పాఠం. మిగతా పాఠాలు నాకే ఇంకా రాలేదు.

సెప్టెంబరు దాకా చూసి ఖాయం చేస్తారట. లేకపోతే మళ్ళీ పాత బల్లకే. మధ్యలో సెలవులు కుదరవని పెద్దసారు మొదటిరోజే చెప్పాడు. నాన్న మంచాన పడ్డప్పుడు చదువు మానేసి వచ్చినదాన్ని, ఈ వయసులో పరీక్షలు రాసి ఈ కుర్చీ దాకా వచ్చాను. దీన్ని వదులుకోను.

వదినని అడిగానని చెప్పు. గట్టిగా చెప్పు, నీకు వినపడేలా కాదు, తనకి.

చెల్లెలు

*

జనవరి 20

చెల్లాయికి,

ఇక్కడ దుమ్ము, నేను, మీ వదిన బాగున్నాం.

తాడు ఒక కొస పట్టుకుని లాగితే ఊడిపోతుంది. ఆ కొస అడుగున ఉంటుంది. పెట్టె తిరగెయ్యి.

నీ ఉత్తరం మొదటిసారి చదివితే అర్థం కాలేదు. రెండోసారి బయానా అన్నచోట వేలు పెట్టుకుని చదివాను, అయింది. నేనూ ఆ పని చేసినవాణ్ణే. ఒక ఏడు మన లారీల తూకం కాటా మీదుగా గొడుగుల పెట్టెలు లోడు మీద లోడు పోయాయి. ఈసారి వానలు దంచుతాయి, లేకపోతే ఇన్ని గొడుగులెందుకు అని నేనూ ఒకటి కొన్నాను. ఆ ఏడు చినుకు పడలేదు. గొడుగు ఇప్పటికీ మేకుకే వేలాడుతోంది. మీ వదిన దులిపినప్పుడల్లా నావైపు చూస్తుంది.

తనకి కాటా పని నేర్పుతున్నాను. ఊరికే కూర్చుంటే ఏం తోస్తుందని నేనే పిలిచాను. అంకెలు బాగా చదువుతుంది. ఖాళీ బండి తూకం ముందు, నిండు బండి తూకం తర్వాత, రెంటికీ తేడా సరుకు అని ఒక్కసారి చెబితే పట్టేసింది. అరవడమే రావటం లేదు. చక్రం కాటా అంచు మీద ఉంటే తూకం తప్పు చూపిస్తుంది కదా, బండి వెనక్కి తియ్యమని అరవాలి. తను అరిస్తే పక్కనున్న నాకే వినపడలేదు. నా చెవుల సంగతి పక్కనపెట్టినా అది అరుపు కాదు. డ్రైవరు దిగొచ్చి "ఏమన్నారమ్మా?" అని మర్యాదగా అడిగాడు. ఈ కాటా మీద మర్యాదగా మాట్లాడిన మొదటి డ్రైవరు అతనే.

ఒక చిన్న స్కూటరు కూడా కొన్నాను, వాడిందే. అదీ తనకే.

బండి ఎక్కింది. ఉంటాను.

అన్నయ్య

*

ఫిబ్రవరి 12

అన్నయ్యా,

పెట్టె తిరగేశాను, కొస దొరికింది. లోపల వదిన పెట్టిన దుప్పటి చూసి ఏడుపొచ్చింది. ఇక్కడ చలి లేదు, అయినా కప్పుకుంటున్నాను.

నా గది కిటికీ తీస్తే ఎదురు మేడ గోడ. చెయ్యి చాపితే అందుతుంది. ఆఫీసులో నాకు రెండు కంప్యూటరు తెరలు ఇచ్చారు. ఒకదాంట్లో ధరలు, రెండోదాంట్లో ఇంకా తెగని బేరాలు, అంటే బయానా కట్టినా ఇంకా గడువు తీరనివి. కొత్తవాళ్ళు ధరల తెర చూస్తూ కూర్చుంటారు, నువ్వు రెండోది చూడు అన్నాడు పెద్దసారు. ధర కదలని రోజుల్లోనే మరీ జాగ్రత్తగా చూడాలట. పైకి అంతా చల్లగా ఉంటుంది. కానీ ఎవరో చప్పుడు చెయ్యకుండా పుట్లు కొంటూ పోతుంటారు, ఇవాళ కొంచెం, రేపు కొంచెం. అలా కనపడితే ఎవరికో ఏదో తెలిసిందని అనుమానించాలి. ఇది రెండో పాఠం. నాకు భలే నచ్చింది. ఇప్పుడు కూరగాయల బజారులో కూడా ఎవరేం కొంటున్నారో చూస్తున్నాను. నిన్న ఒకాయన చీపుళ్ళు మూడు కొన్నాడు. ఇల్లు మారుతున్నాడన్నమాట.

అది సరే, వదినకి స్కూటరు ఏమిటి? రోడ్డు దాటాలంటే నీ చొక్కా కొస పట్టుకునే మనిషి. పడెయ్యకు మా వదినని.

చెల్లెలు

*

మార్చి 3

చెల్లాయికి,

దుమ్ము బాగుంది. మేమూ బాగున్నాం.

మీ వదిన రెండుసార్లు పడింది. ఒకసారి ఇసుకలో, ఒకసారి నా మీద. ఇప్పుడు పెట్రోలు బంకు దాకా వెళ్ళి వస్తోంది. వచ్చాక స్కూటరు దిగి దానివైపు ఒకసారి చూస్తుంది, నిన్ను లొంగదీశాను అన్నట్టు. మాట మాత్రం అనదు.

నా పెద్ద మోటారు సైకిలు అమ్మేశాను. కిక్కు కొట్టడం విసుగేస్తోంది. కాటా గది కిటికీ కిందికి దింపించాను. నా ఎత్తుకి పెట్టించింది కదా, తను చీటీ అందించాలంటే మునివేళ్ళ మీద నిలబడాలి. గడప ముందు రాయి తీయించి వాలుగా సిమెంటు పోయించాను. కాటా లైసెన్సులో తన పేరు కూడా రాయించాను. ఇద్దరి పేర్లుంటే ఆఫీసుల్లో తిప్పరట.

అంతకుమించి విశేషాలు లేవు. నీ భాషలో చెప్పాలంటే ఇక్కడ ధరలు కదలటం లేదు.

బండి ఎక్కింది. ఉంటాను.

అన్నయ్య

*

మార్చి 21

అన్నయ్యా,

నాతో అబద్ధమాడొద్దు.

మీసాల డ్రైవరు ఉత్తరం ఇచ్చి వెళ్ళబోతూ, "అమ్మగారికి ఎలా ఉందమ్మా ఇప్పుడు?" అన్నాడు. ఏ అమ్మగారు అన్నాను. మిమ్మల్నిద్దరినీ జిల్లా ఆసుపత్రిలో చూశాడట. బయట బల్ల మీద కూర్చున్నారట. ఫైలు వదిన ఒళ్ళో ఉందట. తను ఏడుస్తోందట. నువ్వు టీ గ్లాసు పట్టుకుని ఊదుతున్నావట.

అతను వెళ్ళాక నీ ఉత్తరాలు మళ్ళీ చదివాను. గడప ముందు రాయి తీయించావు. కిటికీ దింపించావు. నీ ప్రాణంలాంటి మోటారు సైకిలు అమ్మావు, నడవలేని మనిషికని స్కూటరు కొన్నావు. ఒక్కొక్కటిగా చూస్తే ఏమీ లేదు. అన్నీ ఒకచోట పెట్టి చూస్తే, ధరలు కదలటం లేదని నువ్వు రాసిన మాటే నన్ను భయపెడుతోంది. నా పనే ఇది అన్నయ్యా. రోజంతా ఇదే చూస్తాను.

వదినకి ఏమైంది?

చెల్లెలు

*

ఏప్రిల్ 2

చెల్లాయికి,

మీసాలాణ్ణి మొక్కజొన్న మొయ్యమంటే మాటలు మోస్తున్నాడు.

అవును, వెళ్ళాం. మీ వదినకే. మోకాలు. అరుగుదల అన్నారు. ఏడ్చింది నిజమే, సూదంటే భయం. ఆ మాత్రానికి నువ్వు నా ఉత్తరాలకి తూకం వేస్తే ఎలా? మోటారు సైకిలు అమ్మితే కూడా జబ్బేనా? అలాగైతే ఈ చుట్టుపక్కల సగం మంది ఆసుపత్రిలో ఉండాలి.

నువ్వు రావద్దు. సెలవు అడగొద్దు. సెప్టెంబరు దాటనివ్వు, నేనే రమ్మంటాను. నీ పేజీ బాగా రాయి. మీ పెద్దసారు ఏమంటున్నాడో రాయి. ఆయన మాటలు బాగున్నాయి.

బండి ఎక్కింది. ఉంటాను.

అన్నయ్య

*

ఏప్రిల్ 15

అన్నయ్యకి,

వదినకి ఫోన్ చేశాను. "మోకాలు ఎలా ఉంది?" అంటే "ఏ మోకాలు?" అంది. మళ్ళీ తనే "ఆ, పర్వాలేదు" అంది. రెండూ నొప్పేనన్నమాట, ఏది అడుగుతున్నానో తెలియనంతగా. వెనకాల లారీ హారన్ వినపడింది. కాటా గదిలో ఉన్నావా అంటే ఉన్నానంది. నువ్వెక్కడ అంటే పడుకున్నావంది. పట్టపగలు.

అరిగిన మోకాళ్ళతో మనిషిని ఆ దుమ్ములో కూర్చోబెట్టి నువ్వు పడుకుంటున్నావా? ఇప్పుడు అర్థమైంది, కాటా నేర్పింది ఎందుకో. స్కూటరు ఎందుకో. నీకు బద్ధకం పట్టింది, వదిన నోరులేని మనిషి కాబట్టి చెల్లిపోతోంది. అమ్మ ఉంటే ఈ మాట నీ ముఖం మీదే అనేది. అమ్మ లేదు కాబట్టి నేను అంటున్నాను. వదినకి పుట్టింటివాళ్ళు ఎవరూ లేరనుకోకు, నేనున్నాను. నీకూ తనకీ ఏ మాటొచ్చినా ఇకనుంచి నేను తనవైపు. రాసిపెట్టుకో.

మోకాలికి వేసుకునే పట్టీ, కూర్చునే దిండు పంపుతున్నాను. దిండు మధ్యలో గుంట ఉంటుంది, నొప్పి తెలియదట. వదినకి ఇవ్వు. నువ్వు వాడుకోకు.

చెల్లెలు

*

మే 6

చెల్లాయికి,

ఇక్కడ దుమ్ము బాగుంది.

నీ ఉత్తరం అందింది. తిట్లు అందాయి. పట్టీ మీ వదిన వేసుకుంది. నీకు చెప్పాలి కదా అని వేసుకుని, తీసి, పెట్టెలో దాచింది. దిండు బాగుంది. కూర్చుంటే హాయిగా ఉంది అంది మీ వదిన.

రాసిపెట్టుకున్నాను.

అన్నయ్య

*

జూన్ 18

అన్నయ్యకి,

ఇన్నాళ్ళూ రాయలేదు. కోపం కొంత, సిగ్గు కొంత. కోపం నీ మీద, సిగ్గు నా మీద. సిగ్గు ఎక్కువైంది కాబట్టి రాస్తున్నాను.

ఒక సిమెంటు కంపెనీ షేరు ఉంది. వారాల తరబడి ధర కదల్లేదు. రెండో తెరలో మాత్రం పుట్లు గుట్టలు పడుతున్నాయి, చప్పుడు లేకుండా. రెండో పాఠం గుర్తొచ్చింది. ఎవరికో చెడ్డ వార్త తెలిసింది, ఇది పడబోతోంది అని నా పేజీలో రాశాను. నమ్మినవాళ్ళు తమ షేర్లు అమ్ముకున్నారు. అది పడలేదు. పెరిగింది. ఫోన్లు వచ్చాయి. ఒకాయన నన్ను లైన్లోకి పిలిపించుకుని మరీ తిట్టాడు. మా అన్నయ్యలాగా చెవుడు ఉంటే బాగుండుననిపించింది.

తర్వాత తెలిసింది, ఆ పుట్లు కొన్నది ఆ షేర్లు అందరికంటే ఎక్కువ ఉన్న మనిషే. ఆయనకి వాటిని అమ్మడం ఇష్టం లేదు. ఒకవేళ పడితే ఇంటిల్లిపాదీ మునగకుండా ఉండాలని జాగ్రత్త కోసం కొన్నాడు. పెద్దసారు నన్ను గదిలోకి పిలిచాడు. కేకలేస్తాడనుకున్నాను, వెయ్యలేదు. "భయం ఉందని రాశావు, అది నిజమే. ఆ భయం ఎవరిదో, దేనికోసమో చూశావా? వదిలించుకోవాలనుకున్నవాడూ పుట్లే కొంటాడు, వదల్లేనివాడూ పుట్లే కొంటాడు. తెర మీద రెండూ ఒక్కలాగే కనిపిస్తాయమ్మా" అన్నాడు.

ఇది మూడో పాఠం. దీనికి నా కుర్చీయే బయానా అయ్యేట్టుంది. ఖాయం చేస్తారన్న ఆశ సన్నగిల్లింది. మానేసి వచ్చి నీ కాటా దగ్గర చీటీలు చింపుకుంటూ కూర్చోనా?

వదిన మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

చెల్లెలు

*

జూలై 7

చెల్లాయికి,

అక్షరాలు వంకరగా ఉన్నాయనుకోకు, పెన్ను బాగోలేదు.

మానేస్తానన్న మాట ఇంకోసారి రాయకు. కాటా దగ్గర నీకు చోటు లేదు. కుర్చీ ఒకటే, అందులో మీ వదిన ఉంది.

తప్పు చెప్పావు, తిట్లు తిన్నావు, అయిపోయింది. నేను కొత్తలో ఒక లోడు తూచాను. ఖాళీ తూకం వేసినప్పుడు డ్రైవరు, వాళ్ళావిడ, ఆవిడ తల్లి, మేకపిల్ల బండిలోనే ఉన్నారు. నిండు తూకం వేసినప్పుడు అందరూ దిగి టీ తాగుతున్నారు. ఇసుక తగ్గిందని కొన్నవాడు గోల. కాటాలో తప్పు లేదు. అంకెలో తప్పు లేదు. బండిలో ఎవరున్నారో నేను తొంగి చూడలేదు. మీ పెద్దసారు చెప్పింది అదే కదా.

ఆయన మాట మీ వదినకి చదివి వినిపించాను, వదల్లేనివాడూ అదే కొంటాడన్న మాట. తను లేచి లోపలికి వెళ్ళింది. పొయ్యి మీద ఏదో ఉందంది. పొయ్యి మీద ఏమీ లేదు.

గొడుగు కొన్నవాడే తడవబోతాడని ఎందుకనుకోవాలి? ఇంట్లోవాళ్ళ కోసం కొనిపెట్టి ఉండొచ్చు. నీ పేజీలో రాయడానికి పనికొస్తుందేమో చూడు.

మీ వదిన ఇప్పుడు అరుస్తోంది. నిన్న ఒక కంకర లారీవాడు సగం చక్రం బయట పెట్టి తూకం అయిందనిపించబోయాడు. "వెనక్కి తియ్!" అంది. నాకు వినపడింది. మంచం మీదనుంచి వినపడింది.

మోకాళ్ళు నయం.

బండి ఎక్కింది. ఉంటాను.

అన్నయ్య

*

సెప్టెంబరు 24

అన్నయ్యా!

ఖాయం చేశారు! ఇవాళ మధ్యాహ్నం పెద్దసారు పిలిచి కాగితం చేతికిచ్చాడు. "జూన్ తర్వాత నీ పేజీలో 'తెలియదు' అన్న మాట వస్తోంది. ఆ మాట రాయగలిగినవాళ్ళు నాకు కావాలి" అన్నాడు. గొడుగు మాట కూడా ఒకరోజు రాశానులే. ఎవరు చెప్పారంటే మా అన్నయ్య, కాటా ఆయన అన్నాను.

నువ్వు చెప్పినట్టే సెప్టెంబరు దాటుతోంది. ఇప్పుడు రమ్మను. నువ్వు రమ్మనకపోయినా వస్తాను. వచ్చే నెల సెలవు ఇస్తానన్నారు. వదినని ఇక్కడికి తీసుకొచ్చి మంచి డాక్టరుకి చూపిస్తాను. కనుక్కున్నాను కూడా, మోకాళ్ళకి పేరున్నాయన. నువ్వూ రా. కాటా నాలుగు రోజులు మూస్తే లారీలేం ఏడవవు.

జూలై తర్వాత నీ ఉత్తరం లేదు. నేను రాసినవాటికి జవాబు లేదు. ఏప్రిల్లో అన్న మాటలు ఇంకా మనసులో పెట్టుకున్నావా? వచ్చాక ఎదురుగా కూర్చుని ఇంకో నాలుగు అంటాను, సరిపోతుంది. నీకు వినపడేలా అంటాను.

చెల్లెలు

*

సెప్టెంబరు 27

అమ్మాయికి,

నాకు ఉత్తరం రాయడం అలవాటు లేదు. తప్పులుంటే ఏమనుకోకు.

నా మోకాళ్ళకి ఏమీ లేదు. ఎప్పుడూ లేదు. జబ్బు మీ అన్నయ్యది. కాలేయంలో. కిందటి ఏడు చలికాలంలో తెలిసింది. నువ్వు ఇక్కడికొచ్చి వెళ్ళే రోజుల్లో ఆయనకి తెలుసు. పెట్టె కడుతూ "గట్టిగా కడుతున్నాను, మళ్ళీ కట్టేవాళ్ళెవరో" అన్నారు. నువ్వు స్నానానికి వెళ్ళావప్పుడు.

ఆసుపత్రిలో ఇంక చేసేదేం లేదన్నారు. ఆ రోజు నేను ఏడ్చింది సూదికి కాదు.

నీకు చెప్పేస్తానని నేను చాలాసార్లు అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "చెబితే అది పని మానేసి వచ్చేస్తుంది. నాన్న కోసం ఒకసారి మానేసింది. రెండోసారి నా వల్ల కాకూడదు. సెప్టెంబరు దాటనీ" అన్నారు. నేను ఎదురు చెప్పలేదు. చెప్పాల్సిందేమో నాకు తెలియదు.

నీ కాగితం సంగతి నిన్న చదివి వినిపించాను. ముఖం మీద ముఖం పెట్టి గట్టిగా చదివాను. విన్నారు. ఇప్పుడు రాసెయ్యనా అన్నాను. వద్దని అనలేదు. అందుకని రాస్తున్నాను.

కాటా గదిలోనే మంచం వేశాం. లోపల పడుకోనన్నారు. బళ్ళ చప్పుడు వినపడకపోయినా, బండి ఎక్కినప్పుడు నేల అదురుతుంది, అది చాలన్నారు.

మీసాలాయన ఈ ఉత్తరం నీకిచ్చి కిందే ఆగుతాడు. బస్సు కోసం చూడకు. అతని బండిలోనే వచ్చెయ్.

వదిన

*

నవంబరు 5

వదినా,

చేరాను. ఈసారి పెట్టె నువ్వు కట్టావు. కొస అడుగునే ఉంది. నీకూ నేర్పాడన్నమాట.

గదిలోకి రాగానే దర్జీ, ఇంటివాళ్ళు అందరూ వచ్చి కూర్చున్నారు. అందరికీ చెప్పాల్సి వచ్చింది. ఎన్నిసార్లు చెప్పినా, నేను వచ్చేసరికి అన్నయ్యకి మాట పడిపోయిందన్న దగ్గర ఆగిపోతున్నాను. నా వేలు పట్టుకున్నాడు. బండి ఎక్కినప్పుడల్లా కొంచెం గట్టిగా పట్టుకున్నాడు. అంతే కదా వదినా, ఇంకేమీ లేదు కదా? నేను చూడకుండా ఏదైనా జరిగి ఉంటే చెప్పు.

ఆఫీసుకి వెళ్తున్నాను. రెండు తెరలూ వెలుగుతాయి. వాటిముందు కూర్చుంటే నీ గడప, నీ కిటికీ, నీ స్కూటరు కనిపిస్తాయి. అన్నీ చూశాను. ఎవరికో ఏదో జరగబోతోందని కూడా పట్టుకున్నాను. మూడో పాఠం నాకు జూన్లో చెప్పారు, నేనే ముత్యాల్లాంటి అక్షరాలతో అన్నయ్యకి రాసి పంపాను. ఆయన గొడుగు మాటతో జవాబు కూడా రాశాడు. అది చదువుకుని నవ్వుకుని, నీ మోకాళ్ళకి డాక్టర్ని వెతికాను.

నా ఉత్తరాలన్నీ కాటా చీటీల్లాగే తీగకి గుచ్చి పెట్టాడు. ఏప్రిల్ ఉత్తరం కూడా అందులో ఉంది. జబ్బుమనిషిని బద్ధకస్తుడన్నాను. అమ్మని కూడా మధ్యలోకి తెచ్చాను. అది తీసి చింపేద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు. ఒక్కటే అడుగుతాను వదినా, దాచకు. అది చదివి ఏమన్నాడు?

ఇంకో మాట. నువ్వు అక్కడ ఒక్కదానివే ఉండటం నాకు ఇష్టం లేదు. కాటా ఎవరికైనా ఇచ్చేసి ఇక్కడికి వచ్చెయ్. లేదంటే నేనే అక్కడికి వస్తాను.

చెల్లెలు

*

నవంబరు 16

అమ్మాయికి,

ఇక్కడ దుమ్ము, నేను బాగున్నాం.

నువ్వు చూడకుండా ఏమీ జరగలేదు. వేలు పట్టుకోవడమే. అదే జరిగింది.

ఏప్రిల్ ఉత్తరం సంగతి అడిగావు. ఆ రోజు ఆయనకి నొప్పి ఎక్కువగా ఉంది, నేనే చదివాను. చదువుతూ మధ్యలో ఆపేశాను. మిగతాది కూడా చదవమన్నారు. బద్ధకం అన్న దగ్గర నవ్వారు. అమ్మ అన్న దగ్గర కళ్ళు మూసుకున్నారు. ఇకనుంచి నేను వదినవైపు అన్న దగ్గర మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివాను. అప్పుడు, "కిటికీ దింపాను, స్కూటరు కొన్నాను, లైసెన్సు మార్చాను. ఇదొక్కటి ఎలా కొనాలో తెలియక చస్తున్నాను. అడగకుండానే అదే రాసిచ్చింది" అన్నారు. ఆ ఉత్తరం ఆయనే తీగకి గుచ్చారు. మిగతావన్నీ నేను గుచ్చినవి.

ఆ రాత్రి నెలల తర్వాత కడుపునిండా తిన్నారు. నీకు చెప్పాలనిపించింది. చెప్పకూడదు కదా.

కాటా ఎవరికీ ఇవ్వను. నువ్వు కూడా రావద్దు. నీ కుర్చీ కోసం ఆయన కట్టిన బయానా నీకు తెలుసు. పోగొట్టకు. సెలవు దొరికినప్పుడు రా. పట్టీ పెట్టెలోనే ఉంది, ముందు ముందు పనికొస్తుంది. దిండు కుర్చీలో వేసుకున్నాను. మధ్యలో గుంట ఆయన కూర్చున్నదా, కొన్నప్పటిదా అని చూస్తుంటాను.

మొన్న వాన పడింది. మేకుకున్న గొడుగు తీశాను. బాగానే తెరుచుకుంది.

బండి ఎక్కింది. ఉంటాను.

వదిన